పాత యంత్రానికి కొత్త కంట్రోలర్: మరి స్కేలు మాటేమిటి?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ముప్పై ఏళ్లు దాటిన సీఎన్‌సీ యంత్రాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. వాటిలో ముందుగా మూలపడేది ఇనుము కాదు, ఎలక్ట్రానిక్స్. పోత ఇనుప బెడ్, కాలమ్ తరాల పాటు నిలుస్తాయి. అరిగిన గైడ్‌వేను స్క్రేపింగ్ చేసి మళ్లీ నిలబెట్టవచ్చు. కంట్రోలర్ బోర్డు మీద ఒక చిప్పు కాలిపోతే మాత్రం దానికి జోడీ దొరకదు, తయారుచేసిన కంపెనీ దగ్గర కూడా ఉండదు. అప్పుడు యజమాని రెట్రోఫిట్ వైపు చూస్తాడు. బెడ్, కాలమ్, స్పిండిల్ ఉంచుకుని కంట్రోలర్, డ్రైవులు, మోటార్లు, వైరింగ్ మార్చడమే రెట్రోఫిట్. ఆ పని మొదలుపెట్టగానే ఒక చిక్కు ఎదురవుతుంది. స్లైడు ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పే పాత స్కేలు యంత్రం పక్కనే బిగించి ఉంటుంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా?

వర్క్‌షాపుల్లో దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. "అంతా పాతదే సార్, మొత్తం పీకేసి కొత్తది పెట్టేద్దాం" అనేది కంట్రోలర్ అమ్మేవాళ్ల మాట. "స్కేలు బాగానే ఉందన్నా, పోయింది బోర్డే" అనేది ఆ యంత్రం ముందు ఏళ్ల తరబడి నిలబడిన ఆపరేటర్ మాట. రెండూ కొలిచి చెప్పినవి కావు. స్కేలు యోగ్యత దాని వయసుతో తేలదు. అది ఇచ్చే సిగ్నల్ ఎంత శుభ్రంగా ఉంది, అది చూపే దూరానికీ అసలు దూరానికీ ఎంత తేడా ఉంది అన్న రెండు కొలతలతోనే తేలుతుంది. ఆ కొలతలు కూడా పాత కంట్రోలర్ ఇంకా కొన ఊపిరితో ఉండగానే తీసుకోవాలి. దాన్ని విప్పేశాక స్కేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరూ మిగలరు.

హైదరాబాద్‌కు ఇది పరాయి ప్రశ్న కాదు. ఇక్కడ ప్రాగా టూల్స్ పుట్టింది 1943లో. కవాడిగూడలో తయారైన దాని సర్ఫేస్ గ్రైండర్లు, టూల్ అండ్ కట్టర్ గ్రైండర్లు దేశమంతటికీ వెళ్లాయి. 1965లో హెచ్ఎంటీ యూనిట్ వచ్చింది. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఏర్పడింది, అందరూ సీఐటీడీ అనే సంస్థ. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, మిధాని, డీఆర్‌డీఎల్ వంటి పెద్ద సంస్థలకు విడిభాగాలు చేసి ఇస్తూ వాటి చుట్టూ చిన్న షెడ్లు పెరిగాయి. ఇస్రో రాకెట్ ఇంజన్లకూ అణు రియాక్టర్లకూ భాగాలు చేసే ఎంటార్ 1970లో ఈ ఊళ్లోనే మొదలైంది. దాని పూర్తి పేరు మెషిన్ టూల్స్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్. పాత యంత్రాన్ని బాగుచేయడం ఈ ఊరి పరిశ్రమకు పునాదుల్లో ఉన్న పని.

నగరానికి పడమటి వైపున ఇంకో లోకం లేచింది. 1998 నవంబరు 22న హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఇంటర్‌గ్రాఫ్ ఇక్కడ పెద్ద సాఫ్ట్‌వేర్ కేంద్రం నడిపింది. 2010లో ఆ కంపెనీని కొలత పరికరాలకు పేరున్న స్వీడన్ సంస్థ హెక్సగాన్ కొనుక్కుంది. 2023 మార్చి 2న రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే కేంద్రం టీ-వర్క్స్ తలుపులు తెరిచింది. హైటెక్ సిటీకీ బాలానగర్‌కూ మధ్య దూరం పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. అటు సిగ్నల్‌ను అర్థం చేసుకునే చదువు ఉంది, ఇటు మైక్రాన్‌ను చేతితో పట్టే అనుభవం ఉంది. పాత స్కేలు సమస్య తెగాలంటే ఈ రెండూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ముందు స్కేలు పనిచేసే తీరు. ఎక్కువ యంత్రాల మీద కనిపించేది గాజు స్కేలు. అల్యూమినియం గొట్టంలో ఒక గాజు పట్టీ, దాని మీద క్రోమియంతో గీసిన సన్నటి గీతలు ఉంటాయి. గీతకూ గీతకూ మధ్య దూరం సాధారణంగా 20 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరులో 50 గీతలు. స్లైడుతో పాటు కదిలే రీడింగ్ హెడ్‌లో అలాంటి గీతలే ఉన్న చిన్న గాజు ముక్క, ఒక పక్క దీపం, మరో పక్క ఫోటోసెల్స్ ఉంటాయి. పలచటి దోమతెర రెండు పొరలుగా వేలాడుతున్నప్పుడు ఒకదాన్ని కొంచెం జరిపితే వెడల్పాటి చీకటి చారలు కదులుతాయి కదా, ఇక్కడ జరిగేదీ అదే. కంటికి ఆనని కదలిక పెద్ద వెలుగునీడల మార్పుగా మారుతుంది. 1950లలో ఎడిన్‌బరోలో ఫెరాంటీ ఇంజినీర్లు ఈ చారల సూత్రాన్ని యంత్రాల మీదికి తెచ్చారు. 1889లో బెర్లిన్‌లో లోహాల మీద నకాషీ చేసే దుకాణంగా మొదలైన హైడెన్‌హైన్, యుద్ధం తర్వాత ట్రౌన్‌రాయ్ట్‌కు మారి, గాజు మీద క్రోమియం గీతలు అచ్చువేసే డయాడూర్ పద్ధతిని 1950లో రూపొందించింది. నేడు మన షెడ్లలో కనిపించే గాజు స్కేళ్లలో ఎక్కువ భాగం ఆ సంప్రదాయానివే, లేదా దాన్ని అనుసరించినవే.

రీడింగ్ హెడ్ నుంచి రెండు సైన్ తరంగాలు వస్తాయి. ఒకటి మరొకదానికి పావు చుట్టు వెనక ఉంటుంది. ఏది ముందుందో చూసి కంట్రోలర్ దిక్కు తెలుసుకుంటుంది, ఎన్ని దాటాయో లెక్కపెట్టి దూరం తెలుసుకుంటుంది. ఒక తరంగంలో నాలుగు అంచులు లెక్కకు వస్తాయి కాబట్టి 20 మైక్రాన్ల స్కేలు నేరుగా 5 మైక్రాన్ల మెట్టు ఇస్తుంది. మధ్యలో తరంగాన్ని ఐదు భాగాలు చేసే ఇంటర్‌పొలేటర్ పెడితే 1 మైక్రాను, పది భాగాలు చేస్తే అర మైక్రాను.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఇందులో ముసలిదయ్యేది ఏది? గాజు మీద క్రోమియం గీతలు కావు. గీతలు పడకుండా, మసకబారకుండా ఉంటే ముప్పై ఏళ్ల నాటి గాజు పట్టీ కొలత ఇవాళా నమ్మదగినదే. ముసలివయ్యేవి దాని చుట్టూ ఉన్నవి. గొట్టం నోటిని మూసే రబ్బరు పెదవులు గట్టిపడి చీలుతాయి, ఆ చీలికలోంచి కూలెంట్ ఆవిరి దూరి గాజు మీద జిగట పొర కడుతుంది. గాజు మీద నడిచే చిన్న బేరింగులు అరుగుతాయి. హెడ్‌నూ స్లైడునూ కలిపే కప్లింగ్ వదులవుతుంది. ఈ చివరిది ప్రమాదకరం, ఎందుకంటే అది అచ్చం బాల్ స్క్రూ బ్యాక్‌లాష్‌లాగే కనిపిస్తుంది. స్క్రూ మార్చి, నట్టు మార్చి, డబ్బు ఖర్చుపెట్టాక కూడా తేడా అలాగే ఉంటే దోషం కప్లింగ్‌దని తెలుస్తుంది. చాలా పాత హెడ్లలో ఎల్‌ఈడీ కాక చిన్న ఫిలమెంట్ బల్బు ఉండేది, అది మాడిపోతుంది లేదా మసకబారుతుంది. ఇక కేబుల్. కదిలే గొలుసులో లక్షల సార్లు వంగిన తీగ లోపల తెగి, పైన తొడుగు మాత్రం కొత్తగా కనిపిస్తుంది. వీటిలో దాదాపు ప్రతిదానికీ మందు ఉంది. పెదవులు మార్చవచ్చు, కేబుల్ మార్చవచ్చు, నూలు పోగులు రాలని గుడ్డతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో గాజు తుడవవచ్చు. గాజు మీద గీత పడినా, క్రోమియం పొర లేచిపోయినా మాత్రం ఆ స్కేలు పని అయిపోయినట్టే. ఈ రెండు రకాల జబ్బులనూ వేరు చేయకుండా "స్కేలు పోయింది" అని ఒకే మాటతో తీర్పు చెప్పడం వల్ల మంచి గాజు ఎంతో తుక్కులోకి పోతోంది.

వేరు చేయడం కష్టమేమీ కాదు. ఒక ఆసిలోస్కోప్ చాలు. రెండు తరంగాలనూ ఎక్స్, వై లుగా పెట్టి స్లైడును చేత్తో నెమ్మదిగా కదిపితే తెర మీద వృత్తం గీస్తుంది. ఆ వృత్తం చక్కగా ఉండి, పరిమాణం స్కేలు మొత్తం పొడవునా నిలకడగా ఉంటే ఆ స్కేలు బతికే ఉంది. ఒక చోట వృత్తం చిక్కిపోయి మళ్లీ పెరిగితే అక్కడ గాజు మురికి. అంతటా సమానంగా చిక్కిపోతే దీపం మసకబారింది. వృత్తం అండాకారమైతే హెడ్ వంకరగా ఉంది. మధ్య బిందువు నుంచి జరిగితే ఒక ఫోటోసెల్ నీరసించింది. ఒక వోల్టు సిగ్నల్ ఇచ్చే స్కేళ్లలో 0.6 నుంచి 1.2 వోల్టుల మధ్య ఉంటే ఆమోదయోగ్యం. అంతకు ముందుతరం 11 మైక్రోఆంపియర్ స్కేళ్లలో 7 నుంచి 16 మైక్రోఆంపియర్ల మధ్య ఉండాలి. తుడవక ముందు ఒకసారి, తుడిచాక ఒకసారి చూసి రాసుకుంటే స్కేలు భవిష్యత్తు చాలా మటుకు అక్కడే తెలిసిపోతుంది. స్కేలు ఉన్న గొట్టం స్లైడు దారికి పదో వంతు మిల్లీమీటరులోపు సమాంతరంగా ఉందా అన్నది డయల్ గేజ్‌తో చూసుకోవాలి. గైడ్‌వేను స్క్రేపింగ్ చేశాక స్లైడు కిందికి దిగుతుంది, స్కేలు మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. రీకండిషనింగ్ పూర్తయ్యాక హెడ్ గాజును గీకేసిందంటే కారణం చాలాసార్లు ఇదే.

స్కేలు ఆరోగ్యంగా ఉందని తేలాక రెండో గండం భాషది. 1980లనాటి హైడెన్‌హైన్ టీఎన్‌సీ 155 వంటి కంట్రోలర్లు 11 మైక్రోఆంపియర్ల కరెంటు సిగ్నల్‌ను నేరుగా తీసుకునేవి. ఇప్పటి కంట్రోలర్లలో చాలావాటికి ఆ భాష రాదు. సీమెన్స్ సినుమెరిక్ వ్యవస్థలో ఒక వోల్టు సైన్ సిగ్నల్‌కు ఎస్ఎంసీ20 మాడ్యూల్, చతురస్రాకార టీటీఎల్ సిగ్నల్‌కు ఎస్ఎంసీ30, రిజాల్వర్‌కు ఎస్ఎంసీ10 ఉన్నాయి. ఫానుక్‌లో బయటి స్కేలు కోసం సెపరేట్ డిటెక్టర్ ఇంటర్‌ఫేస్ యూనిట్ పెట్టుకోవాలి. 11 మైక్రోఆంపియర్ల సిగ్నల్‌ను ఒక వోల్టుకో, టీటీఎల్‌కో మార్చే పెట్టెలు దొరుకుతాయి. కాబట్టి భాష కుదరదన్న ఒక్క కారణంతో స్కేలును పారేయాల్సిన పనిలేదు. కానీ కొటేషన్ రాసే ముందే ఈ మాడ్యూళ్లు, పెట్టెలు, కేబుళ్ల ధర కలిపి చూడాలి. మూడు యాక్సిస్‌లకూ మార్పిడి పెట్టెలు కొంటే కొన్ని చిన్న యంత్రాల మీద కొత్త స్కేళ్ల ధరకు దగ్గరగా వచ్చేస్తుంది.

వేగం లెక్క కూడా అప్పుడే చేయాలి. పాత యంత్రం నిమిషానికి 10, 15 మీటర్ల ర్యాపిడ్‌తో తిరిగేది. కొత్త సర్వో మోటార్లు పెట్టాక 30 మీటర్లు చేద్దామని ఆశ పుడుతుంది. నిమిషానికి 30 మీటర్లంటే సెకనుకు అర మీటరు. 20 మైక్రాన్ల స్కేలు ఆ వేగంలో సెకనుకు 25,000 తరంగాలు ఇస్తుంది. ఐదు రెట్లు ఇంటర్‌పొలేషన్ చేస్తే 1,25,000. స్కేలు, పెట్టె, కంట్రోలర్ ఇన్‌పుట్ మూడూ ఆ సంఖ్యను తట్టుకోవాలి. ఒక్కటి తట్టుకోకపోయినా లెక్క తప్పుతుంది. నెమ్మదిగా నడిపితే అంతా బాగుండి, ర్యాపిడ్‌లో మాత్రం కొలత జారుతుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పుస్తకాల్లో అంతగా కనిపించని ఇంకో బాధ ఉంది. ముప్పై ఏళ్లు నోరెత్తకుండా పనిచేసిన స్కేలు, కొత్త డ్రైవులు పెట్టిన వారానికే లెక్క తప్పడం మొదలుపెడుతుంది. అందరూ స్కేలునే తిడతారు. అసలు నేరం కొత్త ఏసీ సర్వో డ్రైవులది. అవి కరెంటును సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతూ మోటారును నడుపుతాయి, ఆ చప్పుడు పక్కన ఉన్న ప్రతి తీగలోకీ పాకుతుంది. పాత డీసీ డ్రైవులున్న రోజుల్లో పనికొచ్చిన కేబుల్ దారి ఇప్పుడు పనికిరాదు. 11 మైక్రోఆంపియర్లంటే మరీ పలుచని సిగ్నల్. దాన్ని మోటారు కేబుల్‌తో ఒకే ట్రేలో పది మీటర్లు లాగడం తగదు. స్కేలు దగ్గరే దాన్ని బలమైన సిగ్నల్‌గా మార్చి, షీల్డును సరిగ్గా ఎర్త్ చేసి, పవర్ కేబుళ్లకు దూరంగా తీసుకెళ్లాలి. మన షెడ్లలో ఎర్తింగ్ మీద శ్రద్ధ తక్కువ. రెట్రోఫిట్ ఖర్చులో మంచి ఎర్త్ గుంతకు కొంత కేటాయిస్తే సగం ఫిర్యాదులు పుట్టనే పుట్టవు.

గాజు కాని స్కేళ్లూ ఉన్నాయి. వాటిలో ఎక్కువ తలనొప్పి ఇండక్టోసిన్‌ది. అమెరికాలో ఫారండ్ కంపెనీ తెచ్చిన ఈ పద్ధతిలో వెలుగు లేదు, గాజు గీతలు లేవు. 250 మిల్లీమీటర్ల పట్టీల మీద రాగి తీగను మెలికలుగా అచ్చువేసి, వాటిని వరసగా బెడ్ మీద బిగిస్తారు. వాటి మీదుగా పావు మిల్లీమీటరు ఎడంలో స్లైడర్ సాగుతుంది. ఒకదానిలోకి కొన్ని కిలోహెర్ట్‌జ్ కరెంటు పంపితే రెండోదానిలో స్థానాన్ని బట్టి వోల్టేజి పుడుతుంది. నూనె, దుమ్ము, కంపనం దేన్నీ ఇది లెక్కచేయదు. పెద్ద బోరింగ్ మిల్లుల మీద దశాబ్దాలు నిలిచింది అందుకే. చిక్కల్లా దాన్ని నడిపే కరెంటు పాత కంట్రోలర్ నుంచే వచ్చేది. కంట్రోలర్ పోతే స్కేలు మూగబోతుంది. విడిగా నడిపే కరెంటు ఇచ్చి, వచ్చిన సిగ్నల్‌ను టీటీఎల్‌గా మార్చే బోర్డులు ప్రపంచంలో కొద్దిమంది చేస్తున్నారు. కొనేముందు మెలిక నిడివి చూసుకోవాలి. మెట్రిక్ యంత్రంలో అది 2 మిల్లీమీటర్లు, అంగుళాల యంత్రంలో 0.1 అంగుళం, అంటే 2.54 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్ల బెడ్ మీద పట్టీలన్నీ చెక్కుచెదరకుండా ఉంటే ఆ బోర్డు కోసం వెతకడం సార్థకమే. ఒక మీటరు లోపు యాక్సిస్ అయితే నా అభిప్రాయంలో వెతుకులాట మానుకుని కొత్త గాజు స్కేలు పెట్టడం మేలు.

1969లో మొదలైన సోనీ మాగ్నెస్కేల్, అయస్కాంత గుర్తులున్న కడ్డీతో కొలుస్తుంది. ఆ వ్యాపారం 2010లో మోరి సెయికి చేతికి వెళ్లింది. హెడ్‌కూ కంట్రోలర్‌కూ మధ్య సొంత డిటెక్టర్ పెట్టె లేనిదే అదీ ఇండక్టోసిన్ లాంటి మూగదే. న్యూవాల్ స్ఫెరోసిన్ మాత్రం మొండిది. గొట్టంలో 12.7 మిల్లీమీటర్ల ఉక్కు గోళీలు వరసగా ఉంటాయి, హెడ్ వాటిని అయస్కాంత క్షేత్రంతో చదువుతుంది. కూలెంట్‌లో మునిగినా నడుస్తుంది. డీఆర్ఓ (స్థానాన్ని అంకెల్లో చూపే పెట్టె) పెట్టిన మామూలు మిల్లింగ్ యంత్రాల మీద ఇది ఉంటే కదపకపోవడమే మంచిది.

ఇంతకూ స్కేలు అసలు అవసరమా అనే మాట తప్పక వస్తుంది. కొత్త సర్వో మోటారు వెనక మంచి ఎన్‌కోడర్ ఉంది కదా, దాన్నే నమ్ముకుంటే సరిపోదా? కొన్ని యంత్రాలకు సరిపోదు. మోటారు ఎన్‌కోడర్‌కు తెలిసేది మోటారు ఎంత తిరిగిందన్నది మాత్రమే. టేబుల్ ఎంత కదిలిందో దానికి తెలియదు. ఒక మీటరు ఉక్కు బాల్ స్క్రూ పని వేడికి పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 115 మైక్రాన్లు పొడుగవుతుంది. ఎన్‌కోడర్ దాన్ని చూడలేదు, స్కేలు చూస్తుంది. అలాగని స్కేలును నమ్మి మెకానికల్ పనిని ఎగ్గొట్టడం ఇంకా పెద్ద పొరపాటు. స్క్రూలో 50 మైక్రాన్ల ప్లే ఉంచి స్కేలుతో లూప్ మూస్తే యాక్సిస్ గమ్యం దగ్గర అటూ ఇటూ ఊగుతూ నిలబడదు. ఎంత ట్యూనింగ్ చేసినా లాభం ఉండదు. ముందు నట్టు, బేరింగులు, గిబ్ సరిచేయాలి. తర్వాత వేగానికి మోటారు ఎన్‌కోడర్‌ను, స్థానానికి స్కేలును వాడే రెండు లూపుల పద్ధతి పెట్టాలి. మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు స్కేలు దిక్కూ మోటారు దిక్కూ ఒకటేనా అని చేత్తో కదిపి తప్పక చూడాలి. తలకిందులైతే యాక్సిస్ ఆగకుండా చివరికి పరిగెత్తి కొట్టుకుంటుంది, మనిషి చేయి అక్కడుంటే ప్రాణాల మీదికి వస్తుంది. రెండు కొలతల మధ్య తేడా హద్దు దాటితే డ్రైవును ఆపే రక్షణ ఇప్పటి కంట్రోలర్లలో ఉంది. దాన్ని అలారం వస్తోందని ఆఫ్ చేసేవాళ్లున్నారు. అది చేయకూడని పని.

హైదరాబాద్ ఎండ ఈ చర్చలో అందరూ మరిచేది. పొడవు కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. మే నెలలో రేకుల షెడ్డులో 38 డిగ్రీలు మామూలే. గాజు స్కేలు డిగ్రీకి మీటరుకు దాదాపు 8 మైక్రాన్లు సాగుతుంది. ఉక్కు జాబ్ 11.5 సాగుతుంది. 18 డిగ్రీల తేడాకు స్కేలు 144 మైక్రాన్లు సాగితే జాబ్ 207 సాగుతుంది. ఆ వేడిలో స్కేలు చెప్పినట్టు ఒక మీటరు కోసిన ఉక్కు ముక్కను, ఏసీ గదిలో 20 డిగ్రీల దగ్గర కొలిస్తే సుమారు 63 మైక్రాన్లు పొట్టిగా వస్తుంది. అల్యూమినియం అయితే డిగ్రీకి 23 మైక్రాన్లు కాబట్టి తేడా సుమారు 270 అవుతుంది. డిఫెన్సు జాబ్ రిజెక్ట్ అయ్యాక "స్కేలు పాతబడింది" అని దాన్ని మార్చినా, కొత్త గాజు స్కేలూ అదే తేడా చూపిస్తుంది. రెండు చివరలా బెడ్‌కు బిగించిన ఉక్కు టేపు స్కేలు బెడ్‌తో పాటు సాగుతుంది కాబట్టి ఉక్కు జాబ్‌కు దగ్గరగా ఉంటుంది. ఇక్కడే కొత్త కంట్రోలర్ పాత స్కేలుకు సాయపడగలదు. యంత్రం మీద ఒకటి రెండు ఉష్ణోగ్రత సెన్సార్లు పెట్టి, వేడిని బట్టి కొలత సవరించే సదుపాయం ఇప్పటి కంట్రోలర్లలో ఉంది. 1985లో అది అరుదు. పాత గాజుకు ఆ సవరణ తోడైతే మన వాతావరణంలో, సవరణ లేని కొత్త స్కేలు కంటే మంచి ఫలితం ఇస్తుంది. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

సవరణ అన్నాక పాత కంట్రోలర్ మెమరీలో ఉన్న పిచ్ ఎర్రర్ పట్టికను తలచుకోవాలి. యంత్రం కొత్తగా వచ్చినప్పుడు ఎవరో లేజర్ పెట్టి, ప్రతి కొన్ని మిల్లీమీటర్లకూ ఎంత తప్పుందో కొలిచి అందులో నింపారు. బ్యాటరీ అయిపోతే ఆ పట్టిక చెరిగిపోతుంది. కంట్రోలర్ విప్పేముందు దాన్ని కాగితం మీదికి ఎక్కించడం గంటలో అయ్యే పని. రెట్రోఫిట్ తర్వాత ఐఎస్ఓ 230-2 పద్ధతిలో లేజర్‌తో మళ్లీ కొలవాలి. రెండు మీటర్ల లోపు యాక్సిస్ మీద మీటరుకు కనీసం ఐదు చోట్ల, ప్రతి చోటికీ రెండు దిక్కుల నుంచి ఐదేసి సార్లు వెళ్లి తప్పు ఎంతో చూస్తారు. ఒకే చోటుకు ఐదుసార్లు వెళ్లినప్పుడు కొలతలు చెదిరిపోతే దోషం స్కేలులోనో, బిగింపులోనో ఉంది. చెదరకుండా ఒకే తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే ఆ స్కేలు మంచిదే, తప్పును పట్టికలో సవరించవచ్చు. పాత పట్టికకూ కొత్త పట్టికకూ పోలిక కనిపిస్తే గాజు మారలేదని అర్థం. స్కేలును సమర్థించడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

అబ్సల్యూట్ స్కేళ్లు వచ్చాక, తరంగాలను లెక్కపెట్టే ఇంక్రిమెంటల్‌వి పనికిరావన్న మాటలో కొంతే నిజం. పవర్ వచ్చిన క్షణంలోనే స్థానం చెప్పే ఎన్‌డాట్ వంటి పద్ధతులు సౌకర్యమే, ముఖ్యంగా నిటారు యాక్సిస్‌కూ రోబోలు చొరబడే చోటికీ. కానీ పాత గాజు స్కేళ్లలో కొన్నిటికి దూర సంకేతం ఉన్న రెఫరెన్స్ మార్కులు ఉన్నాయి. హైడెన్‌హైన్ గాజు స్కేళ్లలో మోడల్ పేరు చివర సీ అక్షరం ఉంటే 20 మిల్లీమీటర్ల లోపు కదలికతోనే స్థానం తెలిసిపోతుంది. కొత్త కంట్రోలర్‌లో ఆ సదుపాయం ఆన్ చేస్తే పొద్దున్నే హోమింగ్ కోసం టేబుల్‌ను చివరిదాకా పంపే పని తప్పుతుంది.

యంత్రం రకాన్ని బట్టి తీర్పు మారుతుంది. టర్నింగ్ సెంటర్లలో చిప్పులు, కూలెంట్ మధ్య నలిగిన జడ్ యాక్సిస్ స్కేలును తీసేసి మోటారు ఎన్‌కోడర్‌తో సరిపెట్టవచ్చు. ఎక్స్ యాక్సిస్‌లో మాత్రం స్కేలు ఉండటమే మేలు, అక్కడి తప్పు వ్యాసంలో రెట్టింపవుతుంది. గ్రైండర్ల మీద రాతి పొడి గాజును నమిలేస్తుంది కాబట్టి అనుమానం ఉంటే మార్చేయాలి. మార్చాక శుభ్రమైన గాలిని తక్కువ ఒత్తిడితో గొట్టంలోకి పంపే ఏర్పాటు చేయాలి. జిగ్ బోరర్‌లో స్కేలే యంత్రపు ప్రాణం, దాన్ని తాకేముందు పదిసార్లు ఆలోచించాలి. భాగాల కొలతలు సరిచూసే సీఎంఎం యంత్రాల విషయంలో ఒక బాట స్థిరపడింది. కొత్త కంట్రోలర్, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి పాత స్కేళ్లను చాలాసార్లు ఉంచుకుంటారు. రెనిషా, హెక్సగాన్ వంటి కంపెనీలు సీఎంఎం రెట్రోఫిట్‌లు చేస్తాయి. మైక్రాన్ల లెక్కతో బతికే యంత్రాలే పాత గాజును నమ్ముతున్నప్పుడు, పది మైక్రాన్ల జాబ్ చేసే మిల్లింగ్ యంత్రం దాన్ని చూసి బెదరాల్సిన పనేముంది?

చిన్న షెడ్లకు కంట్రోలర్ ధరే భారం. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990లలో మొదలుపెట్టిన ఈఎంసీ ప్రాజెక్టు నుంచి పెరిగిన లినక్స్‌సీఎన్‌సీ ఉచితంగా దొరుకుతుంది. మెసా కార్డులతో కలిపితే టీటీఎల్ స్కేళ్లను చదువుతుంది, రెండు లూపుల పద్ధతినీ పెట్టుకోవచ్చు. 11 మైక్రోఆంపియర్ల సిగ్నల్‌ను శుభ్రంగా టీటీఎల్‌గా మార్చే బోర్డు, ఇండక్టోసిన్‌ను చదివే బోర్డు ఈ నగరంలో తయారు కాకపోవడానికి సాంకేతికంగా ఏ అడ్డూ లేదు. మాదాపూర్, గచ్చిబౌలిలో పనిచేసే ఎంబెడెడ్ ఇంజినీర్లకు సైన్ తరంగాన్ని ముక్కలు చేయడం తెలిసిన విద్యే. వాళ్లకు తెలియనిది బాలానగర్‌లో ఏ యంత్రం మీద ఏ స్కేలు ఉందన్నది.

అందుకే ఒక ఉమ్మడి పరీక్షా బల్ల కావాలని నా కోరిక. సీఐటీడీలో పెట్టినా, టీ-వర్క్స్‌లో పెట్టినా మంచిదే. రెండు మీటర్ల గ్రానైట్ గైడ్‌వే, ఒక లేజర్ ఇంటర్‌ఫెరోమీటర్, ఒక ఆసిలోస్కోప్, 11 మైక్రోఆంపియర్ల నుంచి ఇండక్టోసిన్ దాకా రకరకాల కనెక్టర్లు, ఉష్ణోగ్రత నిలకడగా ఉండే గది చాలు. యంత్రం నుంచి విప్పిన స్కేలును పొద్దున తెచ్చి ఇస్తే, తుడిచి, వృత్తం చూసి, మీటరు పొడవునా తప్పు ఎంతో గ్రాఫు గీసి సాయంత్రానికి ఇవ్వాలి. ప్రతి గ్రాఫుకూ స్కేలు మోడల్, తయారైన సంవత్సరం, అది వచ్చిన యంత్రం రకం జతచేసి భద్రపరిస్తే, మన నగరంలో ఏ రకం స్కేలు ఎన్నేళ్లకు ఎలా పాడవుతోందో కొన్నాళ్లకు సొంత లెక్క తయారవుతుంది. రీడింగ్ హెడ్లు మంచివై గాజు పగిలినవి, గాజు మంచిదై హెడ్ పోయినవి అదే బల్ల దగ్గర ఒకదానికొకటి జతకావచ్చు. పెదవులు, కేబుళ్లు, పాత పద్ధతి కనెక్టర్లు కూడా అక్కడే నిల్వ ఉంచితే, ఒక చిన్న రబ్బరు ముక్క కోసం నాలుగు మీటర్ల స్కేలును మార్చే గతి తప్పుతుంది.